దొడ్డిదారిన వెళ్ళనన్న ఆటగాడు: ఫెటిసోవ్ విదేశీ ప్రయాణం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సోవియట్ యూనియన్ ఐస్ హాకీ ఆటగాడు వ్యాచెస్లావ్ ఫెటిసోవ్ ఇంట గెలవవలసినదంతా గెలిచాడు. ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు, ఒక వెండి పతకం. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఏడుసార్లు. రచ్చ గెలవడానికే అతనికి అనుమతి దొరకలేదు. చివరికి అది దొరికేసరికి వయసు 31. ఆ ఆటలో చాలామంది రిటైర్మెంటు గురించి ఆలోచించే వయసు అది.

ఈ ఆటగాడి గురించి మనకెందుకు అని పాఠకులు అడగవచ్చు. ఐస్ హాకీ మన వాతావరణంలో ఆడే ఆట కాదు. అయితే ఫెటిసోవ్ అమెరికాలో ఆడిన రెండు టీమ్‌లు న్యూజెర్సీవి, మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్‌వి. ఈ రెండు చోట్లా నేడు తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మన ఇళ్ళ నుంచి వెళ్ళిన పిల్లలూ అక్కడ ఉన్నారు. చలికాలంలో అక్కడికి వెళ్ళిన పెద్దవాళ్ళు సాయంత్రాలు టీవీలో ఈ ఆట చూసి, ఏమీ అర్థం కాక లేచి వస్తుంటారు. ఇది మొదటి కారణం.

రెండో కారణం ఇంకొంచెం లోతైనది. ఎన్నో తరాల క్రితమే ఊరు మారి స్థిరపడిన కుటుంబాలం మనం. వెళ్ళడం ఒక సంగతి, ఎలా వెళ్ళామన్నది వేరే సంగతి అని మనకు తెలుసు. వెనక్కి వచ్చే దారి తెరిచి ఉంచుకుని వెళ్ళడానికీ, తలుపు మూసుకుపోయాక వెళ్ళడానికీ ఎంతో తేడా ఉంది. ఫెటిసోవ్ జీవితంలో పెద్ద పోరాటం ఆ తేడా గురించే జరిగింది.

ముందు ఆట సంగతి

ఐస్ హాకీని మంచు గడ్డ కట్టించిన మైదానం మీద ఆడతారు. దాన్ని రింక్ అంటారు. ఒక్కొక్క టీమ్ తరఫున ఒకసారికి ఆరుగురు దిగుతారు. ఒకరు గోల్ కాపలా, ఇద్దరు డిఫెన్స్, ముగ్గురు ముందు వరుస. కాళ్ళకు స్కేట్లు, చేతిలో వంపు కర్ర. బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది, దాని పేరు పక్. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆట సాగుతుంది. విపరీతమైన వేగం కాబట్టి ఎవరూ ఎక్కువసేపు నిలవలేరు. నిమిషం లోపే అలసిపోయి బెంచి మీదికి వెళ్తారు, కొత్తవాళ్ళు దిగుతారు. ఆట ఆపకుండానే ఈ మార్పిడి జరుగుతూ ఉంటుంది. పక్ దగ్గర ఉన్న ఆటగాణ్ణి భుజంతో ఢీకొట్టి పడేయడం ఈ ఆటలో తప్పు కాదు, నియమాలు అనుమతించినదే.

అమెరికా, కెనడా దేశాల టీమ్‌లు కలిసి ఆడే పెద్ద వృత్తి పోటీ నేషనల్ హాకీ లీగ్. క్లుప్తంగా ఎన్‌హెచ్‌ఎల్ అంటారు. ఆ ఏడాది విజేతకు ఇచ్చేది స్టాన్లీ కప్. గెలిచిన వాళ్ళ పేర్లు ఆ కప్పు మీద చెక్కుతారు. ఒక్కొక్క ఆటగాడు ఒకరోజు దాన్ని తన ఇంటికో ఊరికో తీసుకువెళ్ళే ఆనవాయితీ కూడా ఉంది. ఈ రెండు విషయాలూ గుర్తుంచుకోండి, చివర్లో పనికివస్తాయి.

సైన్యం ఉద్యోగం, శిబిరం జీవితం

ఫెటిసోవ్ 1958 ఏప్రిల్ 20న మాస్కోలో పుట్టాడు. చిన్నప్పుడే ట్సెస్కా క్లబ్బులో చేరాడు. ట్సెస్కా అంటే సోవియట్ సైన్యం నడిపే క్రీడా క్లబ్బు. సోవియట్ యూనియన్‌లో కాగితం మీద వృత్తి క్రీడాకారులు ఉండరు. అందుకని ఈ క్లబ్బులో ఆడేవాళ్ళందరూ సైనికులుగా, సైనిక అధికారులుగా నమోదై ఉండేవారు. జీతం సైన్యం నుంచి, పని మాత్రం హాకీ. దేశంలో మంచి ఆటగాడు ఎక్కడ కనిపించినా సైన్యం పిలిపించుకోగలదు. జాతీయ టీమ్‌లో ఎక్కువమంది ట్సెస్కా వాళ్ళే ఉండడానికి కారణం ఇదే.

సోవియట్ హాకీకి రూపం ఇచ్చిన శిక్షకుడు అనతోలి తరాసోవ్. పక్‌ను ఎవరూ ఒంటరిగా పట్టుకుని పరుగెత్తకూడదు, అయిదుగురూ దాన్ని ఒకరికొకరు అందించుకుంటూ ముందుకు పోవాలి అన్నది ఆయన పద్ధతి. 1977 నుంచి శిక్షకుడైన విక్టర్ టిఖోనోవ్ ఆ పద్ధతికి కఠినమైన క్రమశిక్షణ జోడించారు. ఏడాదిలో పది, పదకొండు నెలలు ఆటగాళ్ళు మాస్కో దగ్గర ఆర్ఖాంగెల్‌స్కోయె అనే చోట శిబిరంలోనే ఉండాలి. పెళ్ళాం పిల్లలు నగరంలో, వీళ్ళు శిబిరంలో. ఇంటికి వెళ్ళాలంటే అనుమతి కావాలి.

ఆ శిబిరం నుంచే అయిదుగురి జట్టు ఒకటి తయారైంది. ముందు వరుసలో వ్లాదిమిర్ క్రుటోవ్, ఇగోర్ లారియోనోవ్, సెర్గెయ్ మకారోవ్. వెనుక ఫెటిసోవ్, అలెక్సెయ్ కసటోనోవ్. సుమారు పదేళ్ళపాటు ఈ అయిదుగురూ ఒకేసారి దిగి ఒకేసారి ఎక్కేవారు. 1980లో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో సోవియట్ టీమ్ అమెరికా కాలేజీ కుర్రాళ్ళ చేతిలో 4-3తో ఓడిపోయింది. ఆ పరాజయం తరువాత అది 1981 కెనడా కప్ ఫైనల్‌లో కెనడాను 8-1తో ఓడించింది. 1984లో సరయేవోలో, 1988లో కాల్గరీలో ఒలింపిక్ బంగారు పతకాలు వచ్చాయి.

రాజీనామా ఇచ్చినా రిలీవ్ చేయరు

ఎన్‌హెచ్‌ఎల్‌లో డ్రాఫ్ట్ అనే పద్ధతి ఉంది. ప్రతి ఏడాది టీమ్‌లు వంతులవారీగా ఆటగాళ్ళ పేర్లు ఎంచుకుంటాయి. ఒక టీమ్ ఎంచుకున్న ఆటగాడితో మరో టీమ్ ఒప్పందం చేసుకోకూడదు. 1983లో న్యూజెర్సీ డెవిల్స్ టీమ్ ఫెటిసోవ్ పేరు రాసుకుంది. వస్తాడన్న నమ్మకంతో కాదు, ఎప్పటికైనా తలుపు తెరుచుకుంటే హక్కు తమకు ఉండాలని. ఆ పేరు అలా ఆరేళ్ళు రిజిస్టరులోనే ఉండిపోయింది.

గోర్బచేవ్ కాలం వచ్చాక మాటలు మారాయి. కాల్గరీలో బంగారు పతకం తెస్తే బయటికి వెళ్ళనిస్తామన్న హామీ ఫెటిసోవ్‌కు లభించింది. పతకం వచ్చింది, అనుమతి రాలేదు. ఈ రోజు, రేపు అంటూ వాయిదాలు వేశారు. ఆఫీసుల్లో పనిచేసిన మన పాఠకులకు ఈ పరిస్థితి వివరించనక్కరలేదు. బదిలీ ఉత్తర్వు చేతిలో ఉంటుంది, పై అధికారి రిలీవ్ చేయడు. ఫెటిసోవ్ విషయంలో పై అధికారి సాక్షాత్తు సైన్యం.

మొదట గొంతెత్తినది లారియోనోవ్. 1988 అక్టోబరులో ‘ఒగన్యోక్’ అనే పేరున్న వారపత్రికలో అతను టిఖోనోవ్‌కు బహిరంగ లేఖ రాశాడు. ఏడాది పొడుగునా ఆటగాళ్ళను బందీల్లా ఉంచడం న్యాయం కాదన్నాడు. సైనిక క్లబ్బు ఆటగాడు పత్రికలో శిక్షకుణ్ణి విమర్శించడం అంతవరకు ఎవరూ కనీవినీ ఎరుగరు. 1989 జనవరిలో ఫెటిసోవ్ కూడా మాస్కో పత్రికకెక్కి, టిఖోనోవ్ టీమ్‌లో ఇక ఆడనని ప్రకటించాడు. ఆ వెంటనే అతనికి సాధన చేయడానికి రింక్ దొరకలేదు. స్నేహితులు కొందరు మొహం చాటేశారు. రక్షణ మంత్రి దిమిత్రి యాజోవ్ తనను పిలిపించి బెదిరించిన వైనాన్ని అతను తరువాతి కాలంలో చెప్పుకొచ్చాడు. 2014లో వచ్చిన ‘రెడ్ ఆర్మీ’ డాక్యుమెంటరీలో ఈ రోజుల గురించి అతని మాటల్లోనే వినవచ్చు.

అప్పుడు మిగతా ఆటగాళ్ళు ఒక పని చేశారు. ఫెటిసోవ్ లేకపోతే స్టాక్‌హోమ్‌లో జరిగే 1989 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు తామూ వెళ్ళబోమని టీవీలో చెప్పారు. దాంతో అతణ్ణి తిరిగి టీమ్‌లోకి తీసుకున్నారు. టీమ్ గెలిచింది. అయితే ఆ పోరాటంలో కసటోనోవ్ అతని పక్కన నిలబడలేదు. ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఆడిన ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి.

మూడు దారులు

ఆ ఏడాది సోవియట్ ఆటగాడికి బయటికి పోవడానికి మూడు దారులు కనిపించాయి. ఈ కథ అర్థం కావాలంటే ఆ మూడూ తెలియాలి.

మొదటిది ప్రభుత్వం చూపించిన దారి. 1989 మార్చిలో సెర్గెయ్ ప్రియాకిన్ అనే ఆటగాణ్ణి కాల్గరీ ఫ్లేమ్స్ టీమ్‌కు అధికారికంగా పంపించారు. ఇలాంటి ఒప్పందాలు కుదిర్చేది సోవింటర్‌స్పోర్ట్ అనే ప్రభుత్వ సంస్థ. ఆటగాడి సంపాదనలో పెద్ద వాటా ఆ సంస్థకు పోవాలి. ఆడేది ఒకరు, లెక్క రాసేది మరొకరు.

రెండోది దొడ్డిదారి. స్టాక్‌హోమ్ పోటీలు ముగిసిన వెంటనే, 1989 మే నెలలో, 20 ఏళ్ళ అలెగ్జాండర్ మొగిల్నీ టీమ్ నుంచి జారుకుని అమెరికా విమానం ఎక్కి బఫలో సేబర్స్‌లో చేరాడు. ఆట పరంగా అతనికి మేలే జరిగింది. 1992-93 సీజన్‌లో 76 గోల్స్ కొట్టాడు. కానీ అతను సైనిక అధికారి కాబట్టి, మాస్కో దృష్టిలో అది సైన్యం నుంచి పారిపోవడం. ఇంటి తలుపు అతని వెనుక మూసుకుపోయింది.

మూడో దారి ఫెటిసోవ్ అడిగినది. నేను పారిపోను. సైన్యం నన్ను విడుదల చేయాలి. ఒప్పందం నా పేరున ఉండాలి. నా జీతం నా చేతికి రావాలి. నా దేశపు పాస్‌పోర్టుతో వెళ్తాను, వస్తాను. ఆ ఏడాదులలో విదేశీ పర్యటనలకు వెళ్ళినప్పుడు టీమ్‌కు వెనుతిరగకుండా ఉండిపోవడం అతనికి కష్టం కాదు. పిలిచే టీమ్ సిద్ధంగా ఉంది. అయినా ఆ దారి పట్టలేదు. 1989 వేసవిలో సైన్యం చివరికి అతన్ని విడుదల చేసింది. ఆ ఏడాదే అతను న్యూజెర్సీకి, లారియోనోవ్, క్రుటోవ్‌లు వాంకోవర్‌కు, మకారోవ్ కాల్గరీకి వెళ్ళారు.

వాకిలి గుండా వెళ్ళినందుకు ఏం మిగిలిందో మరుసటి వసంతంలోనే తెలిసింది. 1990లో స్విట్జర్లాండ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఫెటిసోవ్ మళ్ళీ సోవియట్ టీమ్ చొక్కా వేసుకుని ఆడాడు. శిక్షకుడు అదే టిఖోనోవ్. టీమ్ బంగారు పతకం గెలిచింది. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ స్వదేశం తరఫున ఆడడం, ఆరు నెలల ముందు ఊహించరాని సంగతి.

సోవింటర్‌స్పోర్ట్ విషయం లారియోనోవ్ కూడా మరచిపోలేదు. తన పేరు మీద ఆ సంస్థకు ఇక డబ్బు పోకూడదని 1992లో వాంకోవర్ వదిలి ఒక సీజన్ స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఆడాడు. 1993లో శాన్ హోసె టీమ్ ద్వారా తిరిగి ఎన్‌హెచ్‌ఎల్‌కు వచ్చాడు.

న్యూజెర్సీలో నేర్చుకున్నవి

వెళ్ళగానే పూలదండలు పడలేదు. ప్రచ్ఛన్న యుద్ధం కాగితాల మీద ముగుస్తున్నా మనుషుల మనసుల్లో ముగియలేదు. ఇతర టీమ్‌ల ఆటగాళ్ళు రష్యన్లను వెతికి మరీ ఢీకొట్టేవారు. ప్రేక్షకులు ఎగతాళి చేసేవారు. తమ దేశపు కుర్రాళ్ళ చోటు వీళ్ళు తన్నుకుపోతున్నారన్న సణుగుడు సొంత బెంచి మీదా వినిపించేది. ఇంగ్లీషు అంతంతమాత్రం.

అంతకన్నా పెద్ద చిక్కు ఆటలోనే ఉంది. అంతర్జాతీయ రింక్ వెడల్పు దాదాపు 98 అడుగులు. ఎన్‌హెచ్‌ఎల్ రింక్ 85 అడుగులే. చోటు తక్కువ, ఢీకొట్టుడు ఎక్కువ. అక్కడి అలవాటు ఏమిటంటే పక్‌ను ఎదుటివాళ్ళ మూలకు బలంగా కొట్టి, వెనకాలే పరుగెత్తి, ఢీకొట్టి లాక్కోవడం. సోవియట్ పాఠశాలలో పక్‌ను అలా వదిలేయడం పాపం. దారి లేకపోతే వెనక్కి తిప్పుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. మాస్కోలో ఫెటిసోవ్ తల ఎత్తకుండానే పక్ పంపితే, అక్కడికి మకారోవో లారియోనోవో వచ్చి ఉండేవాడు. న్యూజెర్సీలో అతను పంపిన చోటికి రావలసిన మనిషి రాడు. చూసేవాళ్ళకు మాత్రం ఫెటిసోవ్ పొరపాటు చేసినట్టు కనబడేది.

అయినా మొదటి సీజన్‌లో 72 మ్యాచ్‌లు ఆడి 8 గోల్స్, 34 అసిస్ట్‌లు సాధించాడు. అసిస్ట్ అంటే గోల్ కొట్టడానికి పక్ అందించి తోడ్పడడం. కొత్త చోట, ఆ వయసులో, డిఫెన్స్ ఆటగాడికి ఇవి మంచి అంకెలే.

అప్పుడే మరో విచిత్రం జరిగింది. అదే సీజన్ మధ్యలో కసటోనోవ్ కూడా న్యూజెర్సీకే వచ్చాడు. రింక్ మీద ఇద్దరూ మునుపటిలాగే కలిసి ఆడారు, రింక్ దిగితే పలకరింపు లేదు. ఇల్లు వదిలి ఎంత దూరం వెళ్ళినా పాత తగవు సామానుతో పాటే వస్తుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఒకే శిబిరంలో పెరిగిన మిగతావాళ్ళ గతి ఒక్కలా లేదు. మకారోవ్ తొలి సీజన్‌లోనే 86 పాయింట్లు సాధించి, కొత్త ఆటగాళ్ళలో ఉత్తముడికి ఇచ్చే బహుమతి గెలిచాడు. అప్పటికి అతని వయసు 31. ప్రపంచమంతా తెలిసిన మనిషిని కొత్త ఆటగాడనడం ఏమిటని విమర్శలు రావడంతో, 26 ఏళ్ళు దాటినవారికి ఆ బహుమతి ఇవ్వకూడదని లీగ్ నియమం మార్చింది. అదే క్రుటోవ్, ముగ్గురిలోనూ బలశాలి అనిపించుకున్నవాడు, వాంకోవర్‌లో ఒక్క సీజన్ కూడా సరిగ్గా నిలదొక్కుకోలేక వెళ్ళిపోయాడు. శిబిరంలో ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎంత పరుగెత్తాలో మరొకరు నిర్ణయించేవారు. బయటికి వచ్చాక అవన్నీ తనే నిర్ణయించుకోవాలి. కొందరికి ఆ స్వేచ్ఛ ఊపిరి పోసింది, కొందరికి బరువైంది.

డెట్రాయిట్: అయిదుగురు మళ్ళీ కలిసిన చోటు

1995 ఏప్రిల్‌లో న్యూజెర్సీ టీమ్ ఫెటిసోవ్‌ను డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కు ఇచ్చేసింది. వయసు 37కు దగ్గర పడింది. ఆ ఏడాది ఫైనల్‌కు చేరిన రెండు టీమ్‌లు ఏవో తెలుసా? డెట్రాయిట్, న్యూజెర్సీ. న్యూజెర్సీ వరుసగా నాలుగు మ్యాచ్‌లూ గెలిచి తొలిసారి స్టాన్లీ కప్ అందుకుంది. ఆరేళ్ళు కష్టపడిన టీమ్ కప్పు ఎత్తుతుంటే, దాదాపు మూడు నెలల క్రితం దాన్ని వదిలిన మనిషి ఎదుటి పక్షంలో నిలబడి చూశాడు.

డెట్రాయిట్‌లో అప్పటికే ముగ్గురు రష్యన్లు ఉన్నారు. 1990లో అమెరికా పర్యటనలో టీమ్‌ను వదిలి వచ్చేసిన సెర్గెయ్ ఫెదొరోవ్, డిఫెన్స్‌లో రాయిలా నిలబడే వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్, చిన్నవాడు వ్యాచెస్లావ్ కొజ్లోవ్. 1995 అక్టోబరులో శిక్షకుడు స్కాటీ బౌమన్ లారియోనోవ్‌ను కూడా తెప్పించారు. దాంతో లెక్క అయిదయింది. ముగ్గురు ముందు, ఇద్దరు వెనుక. సరిగ్గా సోవియట్ పద్ధతికి కావలసిన లెక్క.

ఎన్‌హెచ్‌ఎల్‌లో ముందు వరుసను, డిఫెన్స్ జంటను విడివిడిగా మార్చడం మామూలు. అయిదుగురినీ ఒకే ముక్కగా దించడం అరుదు. 1995 అక్టోబరు 27న కాల్గరీతో మ్యాచ్‌లో బౌమన్ ఆ పని చేశారు. డెట్రాయిట్ 3-0తో గెలిచింది. ఆరేళ్ళుగా ఫెటిసోవ్ పంపిన పక్‌కు ఎదురు చూసే మనిషి లేడు. ఆ రోజు మళ్ళీ ఉన్నాడు. బెంచి మీద రష్యన్ మాటలు, రింక్ మీద రష్యన్ ఆట. ఎదుటివాళ్ళకు పక్ కంటికి కనిపించేది కాని చేతికి దొరికేది కాదు. అమెరికన్ పత్రికలు వీళ్ళకు ‘రష్యన్ ఫైవ్’ అని పేరు పెట్టాయి. ఆ సీజన్‌లో డెట్రాయిట్ 82 మ్యాచ్‌లలో 62 గెలిచింది. అప్పటికి అది రికార్డు.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటుంది. న్యూజెర్సీలో ఆడిన ఫెటిసోవ్, డెట్రాయిట్‌లో ఆడిన ఫెటిసోవ్ ఒక్కడే. మధ్యలో వయసు ఆరేళ్ళు పెరిగింది, కాళ్ళ వేగం తగ్గింది. పెరిగినది చుట్టూ తన ఆట భాష తెలిసిన మనుషులు. అలాగని వాళ్ళు అయిదుగురూ ఒక మూలన వేరుగా కూర్చోలేదు. కెనడియన్, అమెరికన్, స్వీడిష్ సహచరులూ వాళ్ళ ఆట చూసి నేర్చుకున్నారు, పక్‌ను పారేయకుండా పట్టుకునే ఆట టీమ్ మొత్తానికీ అలవాటైంది.

కప్పు, ఆ తరువాతి ఆరు రోజులు

1997 జూన్ 7న డెట్రాయిట్ ఫిలడెల్ఫియా టీమ్‌ను వరుసగా నాలుగో మ్యాచ్‌లోనూ ఓడించి స్టాన్లీ కప్ గెలిచింది. ఆ నగరానికి 42 ఏళ్ళ తరువాత వచ్చిన కప్పు అది. ఆనవాయితీ ప్రకారం ఆటగాళ్ళు ఒకరి తరువాత ఒకరు కప్పును నెత్తిమీదికెత్తి రింక్ చుట్టూ తిరుగుతారు. ఫెటిసోవ్, లారియోనోవ్ మాత్రం ఇద్దరూ కలిసి చెరో వైపు పట్టుకుని తిరిగారు. పత్రికలో లేఖ రాసినవాడు, రాజీనామా చేసినవాడు.

సంతోషం ఆరు రోజులే నిలిచింది. జూన్ 13న సంబరాల నుంచి ఇంటికి వస్తుండగా ఫెటిసోవ్, కాన్‌స్టాంటినోవ్, టీమ్‌కు మాలిష్ చేసే సెర్గెయ్ మ్నత్సకానోవ్ ఎక్కిన అద్దె కారు రోడ్డు దాటి చెట్టును ఢీకొట్టింది. డ్రైవరు లైసెన్సు అప్పటికే సస్పెండై ఉంది. ఫెటిసోవ్ ఛాతీ గాయాలతో బయటపడ్డాడు. కాన్‌స్టాంటినోవ్, మ్నత్సకానోవ్‌ల తలలకు తీవ్రమైన దెబ్బలు తగిలి, ఇద్దరూ చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. కాన్‌స్టాంటినోవ్ అప్పటికి 30 ఏళ్ళవాడు. మళ్ళీ ఆడలేదు.

ఆ ఆగస్టులో ఫెటిసోవ్, లారియోనోవ్, కొజ్లోవ్ స్టాన్లీ కప్‌ను మాస్కో తీసుకువెళ్ళారు. ఆ కప్పు రష్యా గడ్డ మీద అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఎర్రకూడలిలో దానితో ఫొటోలు దిగారు. ఎనిమిదేళ్ళ క్రితం ఫెటిసోవ్‌కు సాధన చేసుకోవడానికి రింక్ ఇవ్వని నగరం అదే. పారిపోయి వచ్చి ఉంటే ఆ ప్రయాణం అంత సులువుగా జరిగేదా అన్నది పాఠకులే ఆలోచించవచ్చు.

మరుసటి సీజన్ అంతా డెట్రాయిట్ ఆటగాళ్ళ చొక్కాల మీద ఒక చిన్న గుడ్డ బిళ్ళ ఉండేది. దాని మీద ‘నమ్ముతున్నాం’ అన్న అర్థంలో ఒక మాట ఇంగ్లీషులోను, రష్యన్‌లోను కుట్టి ఉంది. 1998 జూన్ 16న వాషింగ్టన్‌లో రెండోసారి కప్పు గెలిచినప్పుడు కాన్‌స్టాంటినోవ్‌ను చక్రాల కుర్చీలో రింక్ మీదికి తెచ్చి, కప్పు అతని ఒళ్ళో పెట్టి తిప్పారు. ఆ ఏడాదే ఫెటిసోవ్ ఆట మానేశాడు. వయసు 40. తొమ్మిది సీజన్లలో 546 మ్యాచ్‌లు ఆడి, 36 గోల్స్, 192 అసిస్ట్‌లు సాధించాడు.

తిరిగి మాస్కో

ఆట మానేసిన ఫెటిసోవ్‌ను పాత టీమ్ న్యూజెర్సీయే సహాయ శిక్షకుడిగా తీసుకుంది. 2000లో ఆ టీమ్ కప్పు గెలిచింది. 2001లో టొరొంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటు లభించింది. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో రష్యా టీమ్‌కు శిక్షకుడిగా కంచు పతకం తెచ్చాడు. 41 ఏళ్ళ లారియోనోవ్ ఆ టీమ్‌లో ఆటగాడు. ఆ ఏడాదే రష్యా ప్రభుత్వం అతనికి దేశ క్రీడా శాఖ బాధ్యత అప్పగించింది. 2008 వరకు ఆ పదవిలో ఉండి, తరువాత పార్లమెంటుకు వెళ్ళాడు. 2009 డిసెంబరులో, 51వ ఏట, ట్సెస్కా తరఫున ఒక్క మ్యాచ్ ఆడాడు. ఏ టీమ్‌లో ఆడనని పత్రికకెక్కాడో ఆ టీమ్‌ చొక్కాలోనే.

ఇక్కడితో ఆపితే కథ నిండుగా ఉంటుంది, కానీ పూర్తి కాదు. 2015లో ఇదే ఫెటిసోవ్, రష్యన్ ఆటగాళ్ళు 28 ఏళ్ళు వచ్చేదాకా విదేశాలకు వెళ్ళకుండా ఆంక్ష ఉండాలన్నాడు. దేశం ఖర్చు పెట్టి తయారుచేసిన ఆటగాణ్ణి కుర్రతనంలోనే బయటి టీమ్‌లు ఎగరేసుకుపోతున్నాయన్నది అతని వాదన. వాదనలో బలం లేకపోలేదు. పిల్లాణ్ణి చదివించిన ఊరు ఎప్పుడూ అడిగే ప్రశ్నే అది. కానీ అడుగుతున్నది ఎవరో చూస్తే, ఏరు దాటి తెప్ప తగలేసిన సామెత గుర్తుకు రాక మానదు. ఆ సూచన నియమంగా మారలేదు.

అది ముందే అమలులో ఉండి ఉంటే ఏమయ్యేదో లెక్క కట్టడం తేలిక. మాస్కోలో 1985 సెప్టెంబరులో పుట్టిన అలెగ్జాండర్ ఓవెచ్కిన్ 2005లో, 20వ ఏట, వాషింగ్టన్ టీమ్‌లో ఆడడం మొదలుపెట్టాడు. 2025 ఏప్రిల్ 6న 895వ గోల్ కొట్టి వేన్ గ్రెట్జ్‌కీ రికార్డు దాటాడు. 28 ఏళ్ళ నియమం ఉంటే అతను 2013 దాకా ఆగవలసివచ్చేది. ఆ ఎనిమిదేళ్ళ గోల్స్ అతని ఖాతాలో ఉండేవి కావు. ఓవెచ్కిన్ ఎవరికీ చెప్పకుండా విమానం ఎక్కలేదు. జీతంలో వాటా ఏ ప్రభుత్వ సంస్థకూ కట్టలేదు. సెలవులకు మాస్కో వెళ్తాడు, రష్యా టీమ్ తరఫునా ఆడాడు. ఈ సౌకర్యాలు అతనికి పుట్టుకతో వచ్చినట్టు అనిపించవచ్చు. 1989లో కొందరు పట్టుబట్టి కాగితం మీద రాయించుకున్నవి అవి.

మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల దగ్గరికి ఈ చలికాలం వెళ్ళే పాఠకులు ఈసారి టీవీ ముందు నుంచి లేవకుండా కాసేపు చూడండి. పక్ వెంట కళ్ళు పరుగెత్తించకండి, అది దొరకదు. పక్ లేని ఆటగాళ్ళు ఎటు కదులుతున్నారో చూడండి, ఆట అక్కడ అర్థమవుతుంది. వీలైతే టొరొంటో హాల్ ఆఫ్ ఫేమ్ కూడా చూడవచ్చు. స్టాన్లీ కప్ అక్కడ ఉంటుంది. 1998 డెట్రాయిట్ విజేతల పేర్లలో ఫెటిసోవ్ పేరు ఉంది. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేని కాన్‌స్టాంటినోవ్ పేరూ ఉంది. నిబంధన ప్రకారం ఆడని మనిషి పేరు చెక్కకూడదు. టీమ్ అడిగింది, లీగ్ ప్రత్యేక అనుమతి ఇచ్చింది.